స్క్రీన్ మీద నాలుగు గళ్ళు

"సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి బాబూ, పెట్టేస్తాను," అన్నాడు క్రేన్ మావయ్య.

లెక్కలావిడ ఆసుపత్రి గది గుమ్మంలోనే ఆగిపోయింది. బస్సు ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఈ కేసు తను రాకుండానే ముగిసిపోయి ఉండేదన్నమాట.

మంచం మీద క్రేన్ మావయ్య, కట్టు కట్టిన కాలు దిండ్ల మీద పెట్టుకుని ఉన్నాడు. పక్కన స్టూలు మీద, 'తప్పు నాదే' అని రాసి తెచ్చిన కాయితంతో సఫారీ. యార్డు యజమానులు పెట్టుకున్న ప్రైవేటు డిటెక్టివ్ అతను. ఎండైనా వానైనా అదే బూడిదరంగు సఫారీ సూటు. లోపల మనిషి లేకపోయినా ఆ సూటు ఒక్కటే కేసు నడిపేయగలదని లెక్కలావిడ నమ్మకం.

"పెన్ను మూత పెట్టండి, సిరా ఆరిపోతుంది," అంది లోపలికొస్తూ.

"రండి రండి మేడమ్ గారూ! ఇంట్లో వంటయిందా?"

"అయింది. మీ వంటే ఇంకా ఉడికినట్టు లేదు."

సఫారీ నవ్వాడు గానీ పెన్ను మాత్రం జేబులో పెట్టలేదు.

జరిగింది ఊరందరికీ తెలుసు. యార్డులో ఇనుప చుట్టలు ఎత్తుతుండగా క్రేన్ అలారం మోగింది. మోస్తున్న బరువు హద్దు దాటితే మోగే గంట అది. క్రేన్ మావయ్య దించడం మానేసి బైపాస్ తాళం తిప్పాడు. గంట ఆగింది, బరువు లేచింది, ఉక్కుతాడు తెగింది. ఆ కుదుపుకి పైన క్యాబిన్‌లో మావయ్య కాలు విరిగింది. కింద హుక్కు తగిలించి పక్కకి జరుగుతున్నవాడు మాత్రం మళ్ళీ లేవలేదు. వాడు మావయ్యకి సొంత అల్లుడు.

కూతురు బయట వరండా బెంచీ మీద, ఈ గది గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని ఉంది.

"మావయ్యా, ఒక్క మాట అడుగుతాను," లెక్కలావిడ మంచం అంచున కూర్చుంది. "గంట మోగగానే ఏం చేశారు?"

"స్క్రీన్ చూశానమ్మా."

"ఎంతుంది?"

"రెండువేల ఆరొందల నలభై కిలోలు. హద్దేమో పది టన్నులు. ఆ దిక్కుమాలిన గంట గట్టిగా గాలి వీచినా మోగుతుంది. మోగితే స్క్రీన్ చూడు, అంకె చిన్నదైతే తాళం తిప్పు. మా యార్డులో అందరం అంతే. తిప్పాను."

"ఆఫీసు కంప్యూటర్లో రికార్డు వేరేగా చెబుతోంది మరి," సఫారీ అందుకున్నాడు. "పన్నెండువేల ఆరొందల నలభై. పోలీసులు వచ్చాక కరెంటు ఇచ్చి చూస్తే స్క్రీన్ మీద కూడా అంకెలన్నీ శుభ్రంగా కనబడుతున్నాయి. ముందున్న ఒకటి పెద్దాయన కళ్ళకి ఆనలేదు, అంతే."

"కళ్ళు బానే ఉన్నాయి. నీ చొక్కాకి మూడో గుండీ వేరే రంగుది," అన్నాడు మావయ్య.

సఫారీ చెయ్యి గుండీ మీదకి పోయి వెనక్కొచ్చింది. అతను లెక్కలావిడ వైపు తిరిగాడు. "ఇప్పుడు మీరేమంటారో నాకు తెలుసు. స్క్రీన్ వేరు, రికార్డు వేరు, రెండూ ఒకే దారిన రావు అంటారు. ఆ పప్పులు ఉడకవు మేడమ్."

లెక్కలావిడ గతుక్కుమంది. సరిగ్గా అదే అనబోయింది. అదే మాట, అదే వరసలో. నిన్న రాత్రి గిన్నెలు కడుగుతూ ఒకసారి అంది. పక్కన నిలబడి గిన్నెలు తుడుస్తున్న మనిషి తప్ప వినేవాళ్ళెవరూ లేరక్కడ. నా ఆలోచన అంత తేలిగ్గా పట్టుబడేదైపోయిందా అని తనని తనే తిట్టుకుంది.

"సంతకం పెడితే జైలు మావయ్యా. తెలుసుగా?"

"తెలుసమ్మా. జైలుకి కాదు నా భయం." గొంతు తగ్గించాడు. "నిర్లక్ష్యంగా తిప్పావా నాన్నా అని ఒక్కసారే అడిగింది నా కూతురు. కాదన్నాను. నమ్మలేదు. అది నమ్మనప్పుడు నేను ఏ గోడల మధ్య ఉంటే ఏంటి?"

లెక్కలావిడ లేచింది. "సాయంత్రం పోలీసులు వచ్చేదాకా ఆ కాయితం ముట్టుకోకండి. సఫారీ గారూ, నాతో పాటు యార్డుకి రండి. నేను ఏదైనా కల్పించి చెబితే అక్కడికక్కడే పట్టుకోవచ్చు."

వరండాలో కూతురు తలెత్తింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఇసుక పడ్డట్టు ఉన్నాయి.

"అక్కా, మా నాన్న అబద్ధం ఆడుతున్నాడా?"

"ఇప్పుడే చెప్పలేనమ్మా. తెలిశాక నీకు తప్ప ముందు ఇంకెవరికీ చెప్పను."

* * *

యార్డుకి వెళ్ళే దారంతా సంచిలో భోజనం డబ్బా గలగలమంటూనే ఉంది. పొద్దున్న వాళ్ళాయనే సర్దిచ్చారు. ఇద్దరికి సరిపోయే డబ్బాలో ఒకరి అన్నం. ఆ ఇంట్లో ఏది కొన్నా ఒక సైజు పెద్దదే. ఉప్పు డబ్బా మొదలు బీరువా దాకా అన్నింట్లోనూ సగం గాలే. "ఒక గడి ఎక్కువుంటే నష్టం లేదోయ్, ఒకటి తక్కువైతేనే కొంప మునుగుతుంది," అంటారాయన. పెళ్ళయిన కొత్తల్లో లేని ఈ పిచ్చి తర్వాతెప్పుడో పట్టుకుంది. ఇన్నేళ్ళుగా లెక్కలావిడ దాన్ని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించింది.

వాళ్ళిద్దరూ కలిసింది కూడా అంకెల గళ్ళ దగ్గరే. మనుషులు రాసిన ప్రోగ్రాంని యంత్రం మాటల్లోకి మార్చే కంపైలర్‌ని తయారుచేసే చిన్న కంపెనీలో, ఒకే గదిలో, ఎదురెదురు బల్లల మీద పనిచేశారు. ఆవిడది వాక్యాలు విడదీసే భాగం, ఆయనది అంకెల భాగం. తర్వాత ఆవిడ ఉద్యోగం మానేసి ఇల్లు చూసుకుంది. పిల్లలు పెద్దయ్యాక, పెద్ద పెద్ద కంపెనీల లెక్కలు ఎక్కడ చెడ్డాయో వెతికిపెట్టే పనిలో పడింది. మావయ్య కేసూ అలాగే చేతికొచ్చింది. ఈ క్రేన్ ప్రోగ్రాం ఆ పాత కంపైలర్ మీదే నడుస్తోందని తెలిసినప్పుడు ఆయన్ని అడిగింది. "అబ్బే, దాన్ని వదిలేసి ఏళ్ళయింది. ఆ యార్డు ఎటుందో కూడా నాకు తెలీదు," అన్నారాయన, తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తూ.

యార్డు ఎలక్ట్రీషియన్ క్రేన్ నిచ్చెన దగ్గర నిలబడి ఉన్నాడు. లెక్కలావిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కడం మొదలుపెట్టిందో లేదో, కింద నుంచి రెండో మెట్టు కాలికింద గిర్రున తిరిగింది. ఎలక్ట్రీషియన్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"చెప్పడం మర్చిపోయానమ్మా. ఆ మెట్టు ఊగుతుంది. మొన్న వచ్చిన ఇంజినీరు గారు కూడా అక్కడే జారబోయారు."

"ఏ ఇంజినీరు?"

"యాక్సిడెంటు అయిన మర్నాడు. సార్ తీసుకొచ్చారుగా," అంటూ సఫారీని చూపించాడు. "నన్ను కిందే ఉండమన్నారు. మొహానికి గుడ్డ కట్టుకున్నారాయన, దుమ్ము పడదట."

"భద్రత తనిఖీ," అన్నాడు సఫారీ, అడక్కుండానే.

"పోలీసులకంటే ముందా?"

"త్వరగా చేయడం మా పద్ధతి."

ముగ్గురూ ఇరుకు క్యాబిన్‌లోకి చేరారు. ఎలక్ట్రీషియన్ కరెంటు ఇచ్చాడు. పాతకాలపు స్క్రీన్ మీద ఆకుపచ్చ సున్నాలు వెలిగాయి, ఆరు. బరువేమీ లేకపోయినా సున్నాలు అలా వెలుగుతూనే ఉంటాయట, పగలూ రాత్రీ.

"సెన్సర్ అంకెని ఇక్కడ చేత్తో మార్చొచ్చా?"

"మార్చొచ్చమ్మా, ఈ నాబ్ అందుకే. సెన్సర్‌లో ఒకటి పెరిగితే ఎనభై కిలోలు పెరిగినట్టు."

"రికార్డు లెక్కన ఆ రోజున్నది నూట యాభై ఎనిమిది. పెట్టు."

స్క్రీన్ మీద 012640 పడింది.

"చూశారుగా!" సఫారీ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "ఒకటి, రెండు, ఆరు, నాలుగు, సున్నా. ఏం పోయింది? లెక్క సరిగ్గా ఉంది. ముసలాయన అబద్ధం. ఇక దిగుదామా?"

"కరెంటు తీసెయ్ నాయనా," అంది లెక్కలావిడ ఎలక్ట్రీషియన్‌తో.

స్క్రీన్ నల్లబడింది. ఆవిడ టార్చి తీసి దాని మీదకి పక్కవాటుగా వెలుతురు వేసింది. ఏళ్ళ తరబడి ఒకేచోట అంకెలు వెలిగితే గాజు లోపలి పూత అక్కడ మాడుతుంది. కుడివైపు నాలుగు సున్నాలు, పాత గోడ మీద ఫొటో తీసేసిన మచ్చల్లా, మసగ్గా కనబడ్డాయి. వాటికి ఎడమన ఉన్న రెండు చోట్లూ కొత్త అద్దంలా మెరుస్తున్నాయి.

"ఆరు గళ్ళూ ఎప్పట్నుంచో వెలుగుతుంటే, నాలుగే ఎందుకు మాడాయి సఫారీ గారూ?"

సఫారీ ముందుకి వంగి చూశాడు. ఆవిడ ఫోనుతో ఫొటో తీసి, ఎలక్ట్రీషియన్ చేత కూడా అతని ఫోనులో తీయించింది.

"ఇది నాలుగు గళ్ళ స్క్రీన్. యాక్సిడెంటు రోజు దాకా నాలుగే, ఆరయింది ఆ ఇంజినీరు వచ్చి వెళ్ళాకే. పన్నెండువేల ఆరొందల నలభైని నాలుగు గళ్ళలో పెడితే ముందున్న ఒకటి రాలిపోతుంది. మిగిలేది రెండువేల ఆరొందల నలభై. మావయ్య చెప్పిందే."

"బావుంది కథ! మరి రికార్డులో అయిదంకెలూ ఎలా పడ్డాయి? లెక్క ఒకటేగా?"

"లెక్క ఒకటే. గిన్నెలు రెండు."

"మళ్ళీ వంటింట్లోకి వెళ్ళారా?"

"మీకు అర్థమయ్యేలా చెప్పాలిగా. రికార్డుకి వెళ్ళేటప్పుడు గుణకారం చేసి, వచ్చిన జవాబుని ముందే పేరు పెట్టి సిద్ధం చేసిన గిన్నెలో పోస్తారు. దాని సైజు ప్రోగ్రాం రాసినవాడే చెబుతాడు. అక్కడ ఇబ్బంది లేదు. స్క్రీన్‌కేమో, 'దీన్ని దాంతో గుణించి చూపించు' అని నేరుగా రాశాడు. పోయడానికి గిన్నె ఇవ్వలేదు. అప్పుడు కంపైలరే ఒక తాత్కాలిక గిన్నె చూసి పెట్టుకోవాలి. జవాబు ఎంతొస్తుందో దానికి తెలీదు. తెలిసిందల్లా ఒకటి మూడంకెల సంఖ్య, రెండోది రెండంకెల సంఖ్య అని. అంతవరకే చూసి సైజు తేల్చాలి."

"తేల్చదా మరి?"

"కూడికైతే పెద్దదానికంటే ఒక గడి ఎక్కువిస్తే చాలు. ఎంత కూడినా అది దాటదు. గుణకారం అలా కాదు, పొయ్యి మీద పాలు. పాలెన్ని ఉన్నాయని కాదు, పొంగితే ఎంతవుతాయో చూసి గిన్నె పెట్టాలి. మూడూ రెండూ కలిపి అయిదు గళ్ళు ఇవ్వాలి. ఇందులో ఎవరో గుణకారానికి కూడా కూడిక సూత్రమే పెట్టారు. మూడుకి ఒకటి కలిపి, నాలుగు."

"ఏటా పరీక్ష చేస్తారమ్మా," అన్నాడు ఎలక్ట్రీషియన్ మెల్లగా. "హద్దు మించిన బరువు కూడా ఎత్తి చూస్తారు."

"చూసేవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు?"

అతను నాలిక కరుచుకున్నాడు. "ఆఫీసులోనమ్మా. రికార్డు చూస్తారు. ఎత్తేవాడు తప్ప పైకెవరూ ఎక్కరు, వాడికేమో బరువెంతో చెప్పరు."

"రికార్డు ఎప్పుడూ కరెక్టే. హద్దు లోపల ఉన్నంతసేపు నాలుగంకెలు దాటవు కాబట్టి స్క్రీనూ కరెక్టే. తప్పు చూపించేది సరిగ్గా ప్రాణం మీదకొచ్చినప్పుడే."

సఫారీ గొంతు సవరించుకున్నాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు. "మేడమ్, పాత సంగతి వదిలెయ్యండి. మీరు తెలివైనవారు. దీన్ని తవ్వితే మట్టి ఎవరి మీద పడుతుందో చూసుకుని తవ్వండి. మీ మంచికే చెబుతున్నాను."

"అంటే?"

"అంటే అంతే."

మళ్ళీ కరెంటు ఇమ్మంది. సున్నా, ఒకటి, రెండు, ఆరు, నాలుగు, సున్నా. లెక్కలావిడ ఆ మొదటి సున్నా వైపు చూస్తూ ఉండిపోయింది. సూత్రం సరిదిద్దితే వచ్చేవి అయిదు గళ్ళు. ఇక్కడున్నవి ఆరు. సరిదిద్దినవాడు ఒకటి ఎక్కువ పెట్టాడు. ఎందుకు? మైనస్ గుర్తుకి చోటు కావాలంటే ఇస్తారు, కానీ బరువు మైనస్‌లోకి పోదు. ఏ పుస్తకమూ ఇక్కడ ఆరో గడి పెట్టమనదు. ఒక గడి ఎక్కువుంటే నష్టం లేదనుకునే మనిషి తప్ప.

సంచిలో డబ్బా గలగలమంది.

ఆ పాత గది గుర్తొచ్చింది. ఇరుకు స్క్రీన్లవాళ్ళు ఎవరో వచ్చి, అంకెల ముందు ఖాళీ ఎక్కువ పోతోందని గోల పెట్టిన రోజు. ఆయన గుణకారం సూత్రాన్ని కుదించారు. ఆవిడ చూసి గొడవపడింది. అంకె రాలిపోతుందండీ, ఎవరి నెత్తి మీదో పడుతుందండీ అని. రెండ్రోజులు మాటల్లేవు. మూడోరోజు ఆయన నవ్వుతూ వచ్చి, "నువ్వు చెప్పినట్టే మార్చేశానోయ్. ఇక అలక మాను," అన్నారు. నమ్మింది. మళ్ళీ తెరిచి చూడలేదు. కట్టుకున్నవాడి మాటని తనిఖీ చేయడం మర్యాద కాదనుకుంది. ఆ నెలాఖరుకే ఉద్యోగం మానేసింది.

ఆ తర్వాతే, అవును, ఆ తర్వాతే కదా పెద్ద డబ్బాలు రావడం మొదలైంది! ఉప్పుకి, పప్పుకి, బట్టలకి, అన్నింటికీ ఒక సైజు ఎక్కువ. ఇన్నాళ్ళూ దాన్ని జాగ్రత్త అనుకుంది. ఎక్కడో వదిలేసిన ఒక్క గడికి ఆయన ఇంటినిండా జరిమానా కట్టుకుంటున్నారని, ఆ సగం ఖాళీ డబ్బాల మధ్యే తను కాపురం చేసిందని ఊహించలేదు.

కాదేమో. ఆరో గడి ఇంకెవరైనా పెట్టి ఉండొచ్చు. లోకంలో అలాంటి అలవాటు ఆయనొక్కడికే ఉందా? ఆవిడ కాదనుకోవడానికే ఫోను తీసింది. స్పీకరు పెట్టి, క్రేన్ మీటల పక్కన ఆనించింది.

"ఏమోయ్, భోంచేశావా?" అన్నారాయన, మొదటి రింగుకే.

"ఇంకా లేదండీ. యార్డుకొచ్చాను. క్రేన్ ఎక్కి చూడమంటున్నారు వీళ్ళు. నాకేమో ఎత్తంటే భయం. ఎక్కనా, మాననా?"

"ఎక్కి నువ్వు చూసేదేముందోయ్? ఇంటికొచ్చెయ్."

"ఎక్కకపోతే ఈ సఫారీ నవ్వుతాడండీ."

ఆయన నిట్టూర్చారు. "నువ్వు చెబితే వినేరకమా? సరే, చీర ఎత్తి కట్టుకో. కిందనుంచి రెండో మెట్టు మీద మాత్రం కాలు పెట్టకు, అది తిరిగిపోతుంది. పడ్డావంటే నడుం విరుగుతుంది."

క్యాబిన్‌లో ఎలక్ట్రీషియన్ ఫోను వంక, ఆవిడ వంక, సఫారీ వంక మార్చి మార్చి చూశాడు. సఫారీ కళ్ళు మూసుకున్నాడు.

"ఏవండీ," అంది లెక్కలావిడ. తన గొంతు తనకే పొరుగింట్లోంచి వస్తున్నట్టుంది. "ఈ యార్డు ఎటుందో కూడా తెలీదన్నారుగా?"

అవతల చాలా చిన్నగా, "ఏమోయ్..." అని వినబడింది. ఆవిడ ఫోను పెట్టేసింది.

"చెప్పాను కదా మేడమ్," అన్నాడు సఫారీ. అతని మొహంలో గెలుపు లేదు, చెమటే ఉంది. "మీ ఇల్లే మేడమ్ కూలేది. ఆ ముసలాయన ఎలాగూ సంతకం పెడతానంటున్నాడు. ఆయన జైల్లో ఉన్నా ఒకటే, బయటున్నా ఒకటే. మనిద్దరం నోరు మూసుకుంటే..."

"మనిద్దరం కాదు, ముగ్గురం," అన్నాడు ఎలక్ట్రీషియన్. అతని ఫోను జేబులోకి పోయింది, చెయ్యి దాని మీదే ఉంది.

"నిన్న రాత్రి మా వంటింట్లో నేనన్న మాట మీకు పొద్దున్నకల్లా చేరింది," అంది లెక్కలావిడ సఫారీతో. "ఆయన తుడిచిన గిన్నెల్లో తడి ఆరకముందే. ఎంత కాలంగా సాగుతోంది ఇది?"

"యాక్సిడెంటు రాత్రి ఆయనే ఫోను చేశారు. పాత స్క్రీన్ సంగతి బయటపడితే మా యార్డువాళ్ళకీ ముప్పే," అన్నాడు సఫారీ.

ఆవిడ నిచ్చెన దిగింది. ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగి, కిందనుంచి రెండో మెట్టుని దాటేసి నేల మీద కాలు పెట్టింది. పడలేదు. ఆయన చెప్పినట్టే చేసినందుకే పడలేదు. ఆ సంగతి తట్టగానే సంచిలోంచి భోజనం డబ్బా తీసి నిచ్చెన పక్కన దిమ్మ మీద పెట్టేసింది.

ఫోను మోగుతోంది. స్క్రీన్ మీద ఆయన పేరు. మోగి మోగి ఆగింది, మళ్ళీ మొదలైంది. ఆవిడ దాన్ని కట్ చేసి, ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్న అమ్మాయి నంబరు నొక్కింది.

"అక్కా?"

"మీ నాన్న అబద్ధం ఆడలేదమ్మా. స్క్రీన్ మీద రెండువేల ఆరొందల నలభయ్యే ఉంది. ఎవరు చూసినా తాళం తిప్పేవాళ్ళే. నా దగ్గర రుజువుంది, సాక్షి కూడా ఉన్నాడు."

అవతల బెంచీ కిర్రుమంది, చెప్పుల చప్పుడు, తలుపు తెరిచిన చప్పుడు. "నాన్నా," అన్న గొంతు. ఆ తర్వాత ఇద్దరి ఏడుపూ కలిసిపోయి, ఏది ఎవరిదో తెలియలేదు.

కాసేపటికి ఆ అమ్మాయి మళ్ళీ ఫోనులోకి వచ్చింది. "అక్కా, మరి ఆ అంకె ఎవరి వల్ల పోయింది? పోలీసులు అడిగితే ఎవరని చెప్పను?"

లెక్కలావిడ వెనక్కి తిరిగింది. యార్డు గేటు దగ్గర ఒక కారు ఆగింది. తలుపు తెరుచుకుని, పొద్దున్న తనే ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్న మనిషి దిగి, అటూ ఇటూ చూడకుండా, దారి బాగా తెలిసినవాడిలా నేరుగా క్రేన్ వైపు నడిచి వస్తున్నాడు.

"నువ్వేం చెప్పక్కర్లేదమ్మా," అంది లెక్కలావిడ. "ఆయన పేరు నేను చెబుతాను."